తప్పొప్పుల పట్టిక లేని కాగితములు

మన తెలుగు పుస్తకములకు మొదటనో కడపటనో తప్పొప్పుల పట్టిక యొకటి యుండుట చదువరు లెఱిగినదే. ఫలానా పుటలో ఫలానా పంక్తిలో ఇట్లుండవలసినది అట్లు పడినదని ప్రకాశకుడు తానే యొప్పుకొని, సవరించి చదువుకొన వలసినదని మనలను వేడుకొనును. అందువలన అతని గౌరవమునకు లోప మేమియు రాలేదు. పైగా ఈతడు తాను చేసిన పనిని తాను మఱల చదువుకొనువాడని మనకు నమ్మకము కలిగినది. ఒక చిన్న శతకము నచ్చువేయువాడు చేయుచున్న యీ మర్యాదను, కోట్లకొలది జనులకు కాగితములిచ్చు ప్రభుత్వము చేయదు. ప్రభుత్వపు కాగితమున తప్పు పడినచో అది ప్రభుత్వపు తప్పు కాదు. ఆ కాగితమును పుచ్చుకొన్నవాని గ్రహచారము. వానికి తల్లిదండ్రులు పెట్టిన పేరు తప్పు, వాడు పుట్టిన యూరి పేరు తప్పు, వాని యిల్లున్నచోటు తప్పు. కాగితము మాత్రము ఒప్పు.

రేషను కార్డులను గూర్చియు, పొలముల పాసుపుస్తకములను గూర్చియు ఈ మాట చాలమంది చాలమాఱులు చెప్పియున్నారు. మేమిప్పుడు చెప్పదలచినది అంతకంటె తక్కువమంది తలచు కాగితమును గూర్చి. అది రేడియో కేంద్రమునకు ప్రభుత్వ మొసగు లైసెన్సు. "మా యింట రేడియో కేంద్రము లేదే, మాకేల యీ గొడవ" యని యిల్లాండ్రు అడుగవచ్చును. ఒకనాడు మీ యింట లైసెన్సు ఉండెను. వినుటకు సైతము లైసెన్సు కావలసిన దినములవి. గోడకు పెట్టిన రేడియోపెట్టెకు పోస్టాఫీసులో ఏటేట రుసుము చెల్లించి, చిన్న పుస్తకమున బిళ్ల అంటించుకొని, తనిఖీకి వచ్చినవానికి చూపవలసి యుండెను. 1984లో ఆ బాధ తొలగినది. వినువానికి విడుదల కలిగినది గాని, పలుకువానికి కలుగలేదు. ఇప్పటికిని గాలిలో ఒక మాట పంపవలెనన్న కాగితము కావలెను. కావలసినదే యని మేమును ఒప్పుకొందుము; ఎవరికి తోచిన తరంగముపై వారు కేకలు వేసిన యెడల ఎవరి మాటయు ఎవరికిని వినబడదు. కాగితము వలదని మా వాదము కాదు. ఆ కాగితము సరిగా నుండవలెననియు, సరిగా లేనిచో దానిని వ్రాసినవాడే దిద్దవలెననియు మా వాదము.

ఈ వాదము నడుప దగిన చోటు నల్లమల పాదమున నున్న అర్ధవీడు వంటి యూరు. మార్కాపురమున ఆకాశవాణి ఎఫ్.ఎం. కేంద్రము కలదు, కాని యా జాతి తరంగములు చూపువలె తిన్నగ పోవునవి. కొండ అడ్డమైన చోట చూపు ఆగినట్లే అవియు ఆగును. అడవి యంచు పల్లెలకును, చెంచుగూడెములకును తమ మాట తమకు వినబడవలెనన్న తమ చెంతనే చిన్న కేంద్రము కావలెను. నీటిలో ఫ్లోరైడు ఎక్కువగా నున్న పశ్చిమ ప్రకాశమున ఏ బావి నీరు త్రాగవచ్చునో, ఏది వంటకు సైతము పనికిరాదో చెప్పుటకు ఢిల్లీనుండి వచ్చు వార్తలు చాలవు. బిడ్డలకు టీకాలు వేయువారు ఏనాడు ఏ గూడెమునకు వత్తురో, వానలు లేని యేట ఏ పైరు వేసిన గింజ దక్కునో, ఇవి పదిమైళ్ల మేర మాటలు. వీనిని పదిమైళ్లలోని మనిషి, తన యాసతో, తన చుట్టములతో చెప్పినట్లు చెప్పవలెను.

అట్టి కేంద్రములకు మార్గము తెఱచినవారు న్యాయమూర్తులు. 1995 ఫిబ్రవరిలో బెంగాలు క్రికెట్టు సంఘపు వ్యాజ్యెమున, వాయుతరంగములు ప్రజల సొత్తు అని సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. ఆ ధర్మాసనమున మన తెలుగువారైన బి. పి. జీవన్ రెడ్డిగారు నుండిరి. సొత్తు ప్రజలదని తేలిన తరువాత గూడ ప్రజలకు దాని తాళపుచెవి దొరకుటకు పదేండ్లు దాటినది. 2002లో విద్యాసంస్థలకు మాత్రమే అనుమతి యిచ్చిరి. 2006లో గదా ఊరివారి సంఘములకును కమ్యూనిటీ రేడియో పెట్టుకొనవచ్చునని విధానము సడలించిరి! ఈ నడుమ జరిగిన రెండు కథలు తెలుగువారు మఱవరానివి.

మొదటిది కర్నూలు జిల్లా ఓర్వకల్లుది. అర్ధవీడు, కంభము, గిద్దలూరు గ్రామములు 1970 వఱకు ఆ జిల్లాలోనివే గనుక ఇది యీ సీమవారికి పొరుగింటి కథ. అచ్చటి పొదుపు సంఘముల స్త్రీలు 2002లో 'మన రేడియో' యను పేర ఒక చిన్న ప్రసారమును నడపసాగిరి. దాని బలము ఒక చిన్న దీపపు బలమునకైన సాటిరాదు. 2003 ఆరంభమున అధికారులు వచ్చి, లైసెన్సు లేదని యా యంత్రమును పట్టుకొనిపోయిరి. చట్టము చట్టమే, లైసెన్సు లేదన్నమాట నిజమే. కాని యా వేగమును చదువరులు గుర్తుంచుకొనవలెను. కాగితము లేదని యంత్రమును పట్టుకొనుటకు ఢిల్లీ చేయి ఎన్ని నెలలలో ఓర్వకల్లు చేరెనో, కాగితమున తప్పున్నదని మొఱపెట్టినప్పుడు ఆ చేయి ఎన్నాళ్లకు కదలునో పోల్చిచూడవలసి యున్నది.

రెండవది జహీరాబాదు చెంత పాస్తాపూరు దక్కను డెవలప్‌మెంటు సొసైటీవారి కథ. ఆ సంఘమునందలి దళిత స్త్రీలు 1998నుండి యునెస్కో సాయముతో సమకూర్చుకొన్న గదిలో కూర్చుండి, తమ విత్తనములను గూర్చియు, తమ పాటలను గూర్చియు, తమ కష్టసుఖములను గూర్చియు మాటలు టేపులపై నింపుకొని, ఆ టేపులను ఊరూర సంఘముల కూటములలో వినిపించుకొనుచు, గాలిలోనికి పంపుటకు అనుమతి లేక పదేండ్లు వేచియుండిరి. 2008 అక్టోబరు 15వ తేదీని సంగం రేడియో గాలిలోనికి పోయినది. చదువురాని స్త్రీ మైకు ముందు కూర్చుండి పండితులకు తెలియని విషయములు చెప్పుట మన సంఘసంస్కరణ చరిత్రలో చిన్న ఘట్టము కాదు. స్త్రీకి చదువెందుకని వాదించిన పెద్దలు మన తాతల కాలమున నుండిరి. ఆ స్త్రీకి గొంతెందుకని పదేండ్లు ఊరకుండిన కచ్చేరీలు మన కాలమున నుండినవి.

ఇట్లు వేచి వేచి సంపాదించిన కాగితములో నేమున్నదో చూతము. అది యొక కాగితము కాదు, కాగితముల వరుస. ప్రసారశాఖవారు మొదట సమ్మతిపత్ర మిత్తురు. తంతిలేని ప్రసారములను పాలించు శాఖవారు తరంగము కేటాయింతురు. స్తంభము నిలుపు తావు విమానములకును ఇతర యంత్రములకును అడ్డుగాదని వేఱొక సమితి చూడవలెను. పిమ్మట ప్రసారశాఖతో ఒడంబడిక. ఆ పైని తంతిలేని యంత్రమును నడుపుటకు లైసెన్సు. సంఘము పేరు, ఊరు, మండలము, జిల్లా, స్తంభపు తావు అక్షాంశ రేఖాంశములతో, స్తంభపు ఎత్తు, యంత్రపు బలము, తరంగపు సంఖ్య, ఇవి యన్నియు ఆ కాగితములన్నిటను ఒక్కతీరుగ నుండవలెను. 2006 నిబంధనల ప్రకారము బలము సాధారణముగ 100 వాట్లు, స్తంభపు ఎత్తు 30 మీటర్లు మించరాదు. ఇన్ని చేతులు మాఱు వ్రాతలో అక్షరము తప్పకుండునా? తప్పుట ఆశ్చర్యము గాదు. పురాణములు వ్రాసిన లేఖకులును తప్పిరి. తప్పిన పిమ్మట నేమి చేయుదురన్నదే మా ప్రశ్న.

ముందుగ పేరు. అర్ధవీడు అని తెలుగున వ్రాయుటకు నాలుగక్షరములు. ఎవరు వ్రాసినను ఒక్కతీరే. దానిని ఆంగ్లలిపిలోనికి దింపుడు. 'ధ' కు హకారము చేర్పవలెనా, వలదా? 'వీ' కి రెండు 'ఇ' లు వ్రాయవలెనా, ఒక 'ఐ' చాలునా? 'డు' కును 'దు' కును ఆ లిపిలో భేద మెక్కడిది? ఒకే యూరికి లెక్కకు నాలుగైదు పేర్లు పుట్టును. నాలుగును ఒకటేయని అర్ధవీడువాడు ఎఱుగును. ఢిల్లీలోని కంప్యూటరు ఎఱుగదు. దానికి అవి నాలుగూళ్లు. ఇక పొరుగూరు కంభము సంగతి మఱింత వినోదము. తెల్లదొరలు దానికి కట్టిన ఆంగ్లపు స్పెల్లింగు ఏదో, తమిళదేశమున తేని జిల్లాలోని కంబము పట్టణమునకును అదే కట్టిరి. గుండ్లకమ్మ నీటిని నిలిపిన చెఱువుగల మన కంభమును, ఎక్కడో పడమటి కనుమల క్రింద ద్రాక్షతోటలు గల ఆ కంబమును, ఆంగ్లాక్షరములలో కవలపిల్లలు. జిల్లా పేరు సరిగ చూడక పట్టిక నింపు గుమాస్తాకు ఏది ఏదో ఎట్లు తెలియును?

మనుష్యుల పేరులకు వచ్చు కష్టము ఇంతకంటె నెక్కువ. మనకు ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు వెనుక. ఆంగ్లపు పట్టికలో మొదటి పేరు, కడపటి పేరు అని రెండు గళ్లుండును. ఇంటిపేరు ఏ గడిలో పడవలెనో నింపువాని యిష్టము. సంఘపు అధ్యక్షురాలు ఒక కాగితమున ఇంటిపేరుతో, వేఱొకదానిలో పొడియక్షరముతో, మూడవదానిలో భర్త పేరు తన పేరునకు తోకయై కనబడును. పెండ్లికి ముందొక ఇంటిపేరు, వెనుక నొక ఇంటిపేరు మోయు స్త్రీకి ఈ చిక్కు పురుషునికంటె రెండింతలు. మగవాని పేరులో తప్పు పడిన గుమాస్తా తప్పందురు, ఆడుదాని పేరులో తప్పు పడిన "నీ అసలు పేరేమి?" అని యామెనే యడుగుదురు. స్త్రీకి స్వంతమైన పేరుండవలెనని నూఱేండ్లుగ వాదించుచున్న మనము, ఆ పేరు కాగితముమీద సరిగ నుండవలెనని యేల వాదింపము? సంఘము పేరు సైతము ఇట్లే. రిజిస్ట్రారు కచ్చేరీలో ఒక తీరు, బ్యాంకులో ఒక తీరు, పన్నుల శాఖలో ఒక తీరు; రేడియో లైసెన్సు వచ్చుసరికి నాలుగవ తీరు. ఈ సంఘమే ఆ సంఘమని నిరూపించు భారము సంఘముపై పడును.

పేరులకంటె అంకెలలోని తప్పు భయంకరమైనది. పేరు తప్పిన చూచినవాడు నవ్వును. అంకె తప్పిన ఎవరును గుర్తింపరు. లెక్కకై అర్ధవీడు చెంత నొక తావు అక్షాంశము 15 డిగ్రీల 40 నిమిషములు అనుకొందము. డిగ్రీకి 60 నిమిషములు. ఆ తావునే దశాంశములలో చెప్పవలెనన్న 15.67 అని చెప్పవలెను. వ్రాయువాడు తొందరలో డిగ్రీకిని నిమిషమునకును నడుమ చుక్క పెట్టి 15.40 అని వ్రాసెననుడు. చుక్క యొక్కటే! కాని యా చుక్క స్తంభమును 16 నిమిషముల దూరము, అనగా ఇంచుమించు 30 కిలోమీటర్లు దక్షిణమునకు మోసికొనిపోయి గిద్దలూరు పొరుగున పాతిపెట్టును. 100 వాట్ల కేంద్రము వినబడు దూరము సాధారణముగ పది పదునైదు కిలోమీటర్లు. కాగితము ప్రకారము అర్ధవీడు కేంద్రము అర్ధవీడునకే వినబడదు! ఔత్సాహికులై రేడియో నడుపువారికి 'వి.యు.' అని మొదలగు పిలుపుగుర్తుల నిత్తురు. అందొక అక్షరము మాఱిన ఒకరు వేఱొకరగుదురు. ఇవి వినోదార్థము చెప్పినవి కావు. తావును తప్పుగ వ్రాసిన కాగితము చేతబట్టుకొని, ఒప్పైన తావున స్తంభము నిలిపినవాడు చట్టపు కంట ఎట్లుండును? 1885 నాటి తంతి చట్టమునకును 1933 నాటి తంతిలేని వార్తల చట్టమునకును బదులుగ పార్లమెంటు 2023లో చేసిన టెలికమ్యూనికేషన్ల చట్టపు 42వ సెక్షను, అనుమతి లేక యంత్రజాలము నెలకొల్పినవారికి మూడేండ్ల వఱకు ఖైదుగాని, రెండుకోట్ల రూపాయల వఱకు జుల్మానాగాని, రెండునుగాని విధింపవచ్చుననుచున్నది. వ్రాసిన తావు వేఱు, నిలిపిన తావు వేఱు, కావున అనుమతి లేదని యొక యధికారి వాదింప దలచిన, ఆ పల్లె సంఘమువా రేమి చెప్పుకొందురు? చుక్క మాది కాదని చెప్పుకొందురు. వినువా డెవడు?

తప్పులలో నొక వింతజాతి కలదు. వ్రాసిననాడు ఒప్పు, నేడు తప్పు. దీనికి గుమాస్తాయు కారకుడు కాడు, సంఘమును కారకము కాదు, ప్రభుత్వమే కారకము. మార్కాపురము, గిద్దలూరు తాలూకాలవారు కదలక మెదలక తమ యిండ్లలో కూర్చుండియుండగ, 1970 ఫిబ్రవరిలో కర్నూలు జిల్లావారు ఒంగోలు జిల్లావారైరి; 1972లో ఒంగోలు జిల్లా ప్రకాశము జిల్లా యాయెను. టంగుటూరి ప్రకాశము పంతులుగారి పేరు పెట్టుట మంచిదే, మాకును సంతోషమే. కాని పాత దస్తావేజులపై కర్నూలు అని యున్నవారు తమ పొలము ఎగిరి రాలేదని ఎన్ని కచ్చేరీలలో ప్రమాణము చేయవలసి వచ్చినదో ఈ సీమ ముసలివారిని అడిగిన చెప్పుదురు. సంగం రేడియో వారి సంగతి చూడుడు. 2008లో వారి చిరునామా ఆంధ్రప్రదేశము, మెదకు జిల్లా. 2014 జూనులో అది తెలంగాణము. 2016 అక్టోబరులో అది సంగారెడ్డి జిల్లా. ఎనిమిదేండ్లలో రాష్ట్రము మాఱినది, జిల్లా మాఱినది. మాఱనివి ఆ గది, ఆ స్తంభము, ఆ స్త్రీలు మాత్రమే. 2022 ఏప్రిలులో ఆంధ్రప్రదేశమున 13 జిల్లాలు 26 అయినప్పుడు ఎన్ని వేల కాగితములు ఒక్క తెల్లవాఱుజామున తప్పులైనవో ఊహించుకొనవచ్చును. గెజెట్టులో నొక ప్రకటన వేసి పేరు మార్చగలిగిన ప్రభుత్వము, అదే ప్రకటన యాధారముగ తన లైసెన్సులన్నిటను తానే ఆ పేరు ఏల మార్చుకొనదు? మార్చినవాడు తాను, అర్జీ పెట్టవలసినది మనము! పొరుగువాడు మన వాకిటిలో చెత్త పోసి, దానిని ఎత్తివేయుటకు మనమే తన్ను ప్రార్థింపవలెననిన నెట్లుండును?

ఇందులకు అధికారులు చెప్పు సమాధానమును మేము దాచము. దిద్దుబాటు పేరిట మోసము జరుగుననియు, స్తంభమును మంచి తావునకు తరలించుకొనగోరువాడు "అయ్యా, అంకె తప్పుపడిన" దని వచ్చుననియు, అందుచేత ప్రతి దిద్దుబాటును కొత్త అర్జీవలెనే విచారింపవలెననియు వారందురు. విమానముల మాట యున్నది గనుక స్తంభపు తావుతో ఆటలాడరాదనియు అందురు. ఇందు సగము న్యాయము కలదు. కాని మోసమును పట్టుటకు సులభమైన గీటురాయి వారి బీరువాలోనే యున్నది. అది సంఘము మొదట పెట్టుకొన్న అర్జీ. అర్జీలో ఒప్పుగ నుండి, లైసెన్సులో తప్పైనచో, అది కచ్చేరీ చేతి తప్పు; విచారణ యక్కఱలేదు, రెండు కాగితములు ప్రక్క ప్రక్కన పెట్టి చూచిన చాలును. అర్జీలోనే తప్పున్నచో అది సంఘపు తప్పు. దానికి రుసుము పుచ్చుకొనుడు, విచారింపుడు, మఱల తావు చూడుడు, మేము కాదనము. ఈ రెంటిని ఒకే గాటను కట్టుటయే అన్యాయము. పైగా విమానముల క్షేమమే వారికి ముఖ్యమైనచో, తప్పు తావును చూపు కాగితము ఒక్కదినమైనను తమ పుస్తకములలో నిలువరాదు గదా! ముప్పది కిలోమీటర్ల తప్పును ఆఱునెలలు ఫైలులో నిద్రింపనిచ్చి, దిద్దుమన్నవానిని దొంగవలె చూచుట ఏ జాగరూకత?

తన తప్పును తాను దిద్దుకొనుట రాజ్యమునకు తలవంపని కొందఱు తలతురు. న్యాయస్థానముకంటె గౌరవము గలదా లైసెన్సు కచ్చేరీ? 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు 152వ సెక్షను చూడుడు. తీర్పులోగాని డిక్రీలోగాని లేఖకదోషము, లెక్కతప్పు పడినచో, కోర్టు ఎప్పుడైనను, కక్షిదారు అడిగినను, అడుగక తనంతట తానైనను దిద్దవచ్చునని యందున్నది. ఎప్పుడైనను! గడువు లేదు. కోర్టు చేసిన పనివలన ఎవరికిని కీడు రాకూడదనుట న్యాయశాస్త్రమున పాతమాట. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టములో సైతము, కాగితము చూడగనే కనబడు తప్పును అధికారి తనంతట దిద్దవచ్చునని 154వ సెక్షనున వ్రాసిరి. పన్ను పుచ్చుకొనువానికే యింత దయ యుండగ, మాటాడుటకు అనుమతి యిచ్చువానికి లేకుండుట చిత్రము. అమెరికాలో రేడియో లైసెన్సుల నిచ్చు ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషను నిబంధనలలో, కమిషను తరపున ఉత్తరువు చేసినవాడు దానిని ప్రకటించిన 30 దినములలోపల ఎవరును అడుగకయే మార్చవచ్చును, కొట్టివేయవచ్చును అని యొక యేర్పాటు కలదు. అంతకంటె మేలైన దింకొకటి. అచ్చట ఎవరి లైసెన్సులో నేమున్నదో ఎవరైనను చూడవచ్చును, పట్టిక బహిరంగము. నలుగురు చూచునప్పుడు తప్పు త్వరగ బయటపడును. మన దేశమున నడచుచున్న కమ్యూనిటీ రేడియోల జాబితాను ప్రసారశాఖవారు ప్రకటించుచున్నారు, మంచిపనియే. కాని జాబితా వేఱు, లైసెన్సులోని ప్రతి యంశమును ప్రజలు చూడగలుగుట వేఱు. 2005 నాటి సమాచారహక్కు చట్టపు 4వ సెక్షను, ప్రభుత్వమువారు ఇచ్చిన పర్మిట్ల, అనుమతుల గ్రహీతల వివరములను ఎవరును అడుగకమునుపే ప్రకటింపవలెనని కచ్చేరీలను ఆజ్ఞాపించుచున్నది. ఆ యాజ్ఞ అక్షరాల చెల్లిన దినమున మా వ్యాసములో సగము అనవసర మగును.

భాషను గూర్చి చెప్పక ఈ మాట ముగియదు. కమ్యూనిటీ రేడియో నిబంధనలను వ్రాసినవారు, ప్రసారములు సాధ్యమైనంత వఱకు స్థానికభాషలో, స్థానికమైన మాండలికములో నుండవలెనన్నారు. చక్కని మాట. అర్ధవీడు స్త్రీ మైకు ముందు అర్ధవీడు తెలుగే పలుకవలెను. కాని యా పలుకుటకు ఆమె కిచ్చిన కాగితము ఆమె చదువలేని భాషలో నుండును. చదువలేని కాగితములో తప్పున్నదో లేదో ఆమె ఎట్లు కనిపెట్టును? తప్పు కనిపెట్టుట ఆమె బాధ్యతయట! 1966నుండి తెలుగు ఆంధ్రప్రదేశపు అధికారభాష. కేంద్రప్రభుత్వపు కచ్చేరీలకు ఆ చట్టము తగులదు, నిజమే. అయినను లైసెన్సులో ఊరి పేరు, సంఘము పేరు, మనిషి పేరు తెలుగులిపిలో గూడ వ్రాయుటకు ఏ చట్టము అడ్డము? ఆ మూడు పేరులు తెలుగున నున్నచో 'డు', 'దు' ల తగవు, కంభము కంబముల తగవు పుట్టనే పుట్టదు. లైసెన్సు ముద్ర పడకమునుపు చిత్తుప్రతిని రెండు భాషలలో సంఘమునకు పంపి, పదునైదు దినములు గడువిచ్చి, చదువుకొని ఒప్పుకొన్న పిమ్మట ముద్ర వేసినచో, తరువాతి తగవులలో ముప్పాతిక తగ్గును. ముద్రాలయమువాడు ప్రూఫు చూపకయే పుస్తకము అచ్చువేయునా?

ఇంతవఱకు కచ్చేరీలను నిందించితిమి. మనలో గల దోషమును విడిచిపెట్టినచో ఈ పత్రిక పుటలకు తగదు. ప్రభుత్వపు కాగితము చేతికి వచ్చినప్పుడు మనము చేయు మొదటి పని దానిని కన్నుల కద్దుకొనుట; రెండవ పని పెట్టెలో పెట్టుట. చదువుట మన యాచారములో లేదు. కాగితము దేవుని ప్రసాదమా, పరీక్షింపక మ్రింగుటకు? పట్టిక నింపుటకు మార్కాపురపు కంప్యూటరు కొట్టులో ఎవనికో నాలుగు రూకలిచ్చి, వాడేమి వ్రాసెనో చూడక వ్రేలు పెట్టివచ్చుదుము. తప్పు కనబడినను "పోనిండు, ఒక్క యక్షరమే గదా, పెద్దవారితో మనకేల" యని యూరకుందుము. ఆ యొక్క యక్షరము ఐదేండ్లకో పదేండ్లకో లైసెన్సు మఱల వ్రాయించుకొనుదినమున కొండయై అడ్డుపడును. పాత కాగితములోని పేరును కొత్త అర్జీలోని పేరును కలియవు. కలియనంతకాలము అనుమతి కదలదు. అనుమతి లేక యంత్రము మూయవలెను. ఓర్వకల్లులో యంత్రమును మోసికొనిపోవుటకు మనుష్యులు రావలసి వచ్చెను. ఇచ్చట ఒక్క యక్షరము చాలును, నిశ్శబ్దముగ ఆ పని చేసిపెట్టును.

అధికారిని చూడగనే చేతులు నలుపుకొని "దొరగారి దయ" యను అలవాటు తెల్లవారితో పోవలసినది, పోలేదు. కచ్చేరీ తప్పును దిద్దుమని యడుగుట దయ నడుగుట గాదు. కొట్టువాడు తూకము తక్కువ చేసిన మఱల తూచుమని యడుగుదుముగదా. అప్పుడు మన యిల్లాండ్రు గొంతు తగ్గించుట మేము చూడలేదు. అంత గొంతే ఇచ్చటను చాలును.

అడుగు విధమును చెప్పెదము. సంఘములో చదువు వచ్చిన ఇద్దఱు కూర్చుండి, అర్జీ నకలును లైసెన్సును ప్రక్క ప్రక్కన పెట్టి, పేరులను అక్షరము వెంట నక్షరము, అంకెలను అంకె వెంట నంకె చదువవలెను. డిగ్రీలును నిమిషములును దశాంశములలోనికి మార్చినచోట 60తో భాగించి చూడవలెను. తప్పు దొరకిన దినముననే, ఏ కాగితమున ఏ పంక్తిలో నెట్లున్నదో, అర్జీలో నెట్లుండెనో, రెండు నకళ్లు జతపఱచి, ప్రసారశాఖకును తంతిలేని శాఖకును విడివిడిగ టపాలో పంపవలెను. ఒకరికి పంపినది రెండవవారికి చేరునని నమ్మరాదు. ఆ యర్జీ తెలుగుననే వ్రాయవచ్చును. తన కష్టమును చెప్పుకొనుటకు కేంద్రముననో రాష్ట్రముననో వాడుకలో నున్న యే భాషలోనైనను ఏ యధికారికైనను అర్జీ పెట్టుకొను హక్కు ప్రతి మనిషికిని కలదని రాజ్యాంగపు 350వ అధికరణము చెప్పుచున్నది. తెలుగు అర్జీ త్రిప్పిపంపినచో ఆ త్రిప్పిపంపిన కవరును జాగ్రత్త పెట్టుకొనవలెను. నెల గడచినను జవాబు రానిచో, పది రూపాయల రుసుముతో సమాచారహక్కు చట్టము క్రింద ఫలానా తేదీ నాటి మా అర్జీ ఎవరి బల్లపై నున్నది, ఎన్ని దినములనుండి యున్నది, వారు దానిపై నేమి వ్రాసిరి అని మూడు ప్రశ్నలు వేయవలెను. ఆ మూడును తెలుగుననే వేయవచ్చును.